ధోటా మీద నీలి గుర్తు

సిద్ధరాములు చేసిన తుపాకీ మాటెత్తితే షోలాపూర్ కుంఠా నాకాలో ఇప్పటికీ పడీపడీ నవ్వేవాళ్ళున్నారు. నవ్వుకోనీండి. వాళ్ళ సొమ్మేం పోయింది! ఆ తుపాకీ ఎందుకు చేశాడో, చేసి ఏం పోగొట్టుకున్నాడో తెలిసినవాడెవడూ నవ్వడు.

సిద్ధరాములు లేతు మీద పనిచేసే మనిషి. చుట్టుపక్కల పవర్‌లూమ్ షెడ్లలో విరిగిన షాఫ్టులూ, అరిగిన బుష్షులూ, పళ్ళూడిన చక్రాలూ గంగాధర్ వర్క్‌షాపుకి వచ్చేవి. గంగాధర్ యజమాని, ఇతను పనివాడు. ఒక ఈడువాళ్ళు కాబట్టి ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవారు. సిద్ధరాములు తాత కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చాడు, తండ్రి ఆ మగ్గం మీదే వంగిపోయాడు, ఇతను మాత్రం నూలు వదిలి ఇనుము పట్టాడు. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. చేతిలో పని కుదరకపోతే అన్నం ముందు కూర్చుని కూడా గోడకేసి చూస్తుండేవాడు. ఇలాంటి మొగుడితో ఎలా వేగుతున్నావే అని ఎవరైనా అడిగితే, "గోడనే గద చూస్తడు, పక్కింటి దిక్కయితే చూడడు" అనేది అతని భార్య గోదావరి.

వర్క్‌షాపు వెనక సందులోనే వాళ్ళ ఇల్లు. ఒక గది, ముందు అరుగు, అరుగు కింద మోరీ. సందు పైచివర రంగుల కార్ఖానా ఉంది. అక్కడ నూలు ముంచిన నీళ్ళన్నీ ఈ మోరీలోంచే పోవాలి. ఒకపూట ఎర్రగా, ఒకపూట పచ్చగా, ఒకపూట నీలంగా పారేవి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టి చూసేవాళ్ళు. సందువాళ్ళు దాని వంక కన్నెత్తి కూడా చూసేవాళ్ళు కాదు.

ఆ మొగుడూపెళ్ళాలకు ఒక్కతే కూతురు, చంద్రభాగ. ఇంట్లో చెంద్రి అనేవాళ్ళు. తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. వేళ్ళ పని వేళ్ళది, నోటి పని నోటిది, ఊళ్ళో కబుర్లన్నీ ఆ పిల్ల దగ్గరే ఉండేవి. ఒకరోజు నూలుకు గంజి పట్టించే కార్ఖానాలో ఎవడో పుణ్యాత్ముడు, దగ్గరికొచ్చిన కుక్కపిల్ల మీద మసిలే గంజి చెంబెడు తీసి పోశాడు. వాడి చేతులు పడిపోను! చెంద్రి దాన్ని ఒళ్ళో వేసుకొచ్చి, కొబ్బరినూనెలో సున్నపుతేట గిలకొట్టి, ఉడికిపోయిన ఎడమ డొక్క మీద రోజూ రాసింది. కుక్కపిల్ల బతికింది. తెల్లటి కుక్క, ఒక చెవి గోధుమరంగు, డొక్క మీద అరచేయంత మేర వెంట్రుక లేదు. సందు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే ఉరుకుడు కాబట్టి దానికి ధోటా అని పేరు పెట్టింది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెను షోలాపూర్‌లో ధోటా అంటారు.

"ఆడకుక్కకు గిదేం పేరే?" అని తల్లి నవ్వింది.

"ఉరికేదానికి ఆడేంది, మొగేందమ్మా?"

ధోటా ఆ పిల్లను తప్ప ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. మనిషి చెయ్యెత్తినా, చెంబు అందుకున్నా చాలు, ఇక కనబడితే ఒట్టు.

పదిహేనేళ్ళ చెంద్రి కామెర్లతో పోయింది. దాని గురించి ఎక్కువ చెప్పుకోవడానికి నోరు రాదు. పిల్ల పోయాక కూడా ధోటా రోజూ దీపాలు పెట్టే వేళకు వచ్చి, మోరీ అవతల, మనిషి ఒక్క ఉరుకులో అందుకోలేనంత దూరంలో కూర్చుని తలుపుకేసి చూసేది. అందుకే గోదావరి ఆ వేళకు తలుపు వేసేది కాదు. అరుగు మీద రొట్టె పెట్టి తాను లోపలికి వెళ్తేనే కుక్క వచ్చి తినేది. తిని, మళ్ళీ వెళ్ళి అక్కడే కూర్చునేది. దాన్ని చూస్తూ గోదావరి కూడా ఒక ముద్ద నోట్లో పెట్టుకునేది. అది రాని పూట ఆమెకు పస్తే.

"అందరు మర్చిపోయిన్రు. గదొక్కటే ఇంక చెంద్రి తొవ్వ చూస్తాంది" అనేది.

సిద్ధరాములుకు బాగా తెలుసు, ఆ కుక్క రావడం మానేస్తే తన పెళ్ళాం కూడా తనకు దక్కదు. ఆ ఒక్క భయంతోనే బతుకుతున్నాడు.

తొంభై ఒకటో సంవత్సరం ఎండాకాలం మొదట్లో నీలం నగర్‌లో ఒక ముసలాయన్ను పిచ్చికుక్క కరిచింది. షెడ్ల యజమానులు కూడబలుక్కుని, కుక్కల్ని లేపేయడానికి ఒక ముఠాను పెట్టారు. వాళ్ళు తెల్లవారుతుండగా వచ్చేవాళ్ళు. ఎదురుపడ్డ కుక్క ముందు మందు పెట్టిన మాంసం ముక్క విసిరేవాళ్ళు, పొద్దెక్కాక బండిలో వేసుకుపోయేవాళ్ళు. ముఠా పెద్ద పెంటప్ప. బీడీ పనివాళ్ళ కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉంటాడు, అతని భార్యా గోదావరీ ఒకే కంపెనీకి బీడీలు చుడతారు. మనిషి చెడ్డవాడేం కాదు. మగ్గం మూతపడితే దొరికిన పనిలో చేరాడు. ముఠా ఆ సందుకు రాకముందే వచ్చి చెప్పింది కూడా అతనే.

"అన్నా, మీ కుక్కకు మెడల పట్టా కట్టున్రి. పట్టా ఉన్నదాన్ని ముట్టొద్దు, గది మా కాయదా."

"అది మనిషిని దగ్గర రానియ్యది పెంటప్పా."

"మరి ఇంట్లనన్న కట్టెయ్."

"ముట్టనిస్తే గద కట్టేది!"

పెంటప్ప తల గోక్కున్నాడు. "అయితే ఏదన్న రంగు పుయ్యన్నా. దూరంకెల్లి కనబడాలె. మసక మసకల తెల్లకుక్కలన్ని ఒక్కతీర్గనే ఉంటయ్. రంగున్నదాన్ని నా పానం పోయినా ముట్టనియ్య, బస్."

రంగు పూయాలన్నా ముట్టుకోవాలి కదా! సిద్ధరాములు గోనెసంచి కప్పి పట్టుకుందామని తలుపు చాటున పొంచి చూశాడు. సంచి గాలిలో ఉండగానే కుక్క సందు దాటిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు రాలేదు. ఆ రోజులన్నీ గోదావరి గడపలో కూర్చుని మంచినీళ్ళతో గడిపింది, మొగుడితో ఒక్కమాట మాట్లాడలేదు. కుక్క మళ్ళీ వచ్చి కూర్చున్న పూట, "ఇంకోపారి దాని మీదికి చెయ్యెత్తినవో, నేనే పోత" అంది. ఉత్తినే అనే మనిషి కాదు.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి ఆ కాగితం. బొంబాయి పాతసామాన్ల బజారు నుంచి గంగాధర్ తెప్పించిన గేరొకటి ఏదో దొరల పత్రిక కాగితంలో చుట్టి వచ్చింది. అందులో బొమ్మ: అడవిలో దొరలు ముసుగులేసుకుని తుపాకులతో ఒకరి మీద ఒకరు రంగు గోళీలు కొట్టుకుంటున్నారు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగిన గంగాధర్, "రంగపంచమి తుపాకీతోటి ఆడుతున్నర్రా! మొదలు గొడ్లకు, చెట్లకు దూరంకెల్లి గుర్తు పెట్టెతందుకు చేసిన్రట" అన్నాడు. ఆ రోజు ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఇప్పుడు సిద్ధరాములు దాన్ని చెత్తలోంచి వెతికి తీసి, నూనె తుడిచి, లేతు పక్క గోడకు అంటించాడు.

బొమ్మలో తుపాకీ కింద చిన్న గ్యాసు సీసా ఉంది. అలాంటిది ఇక్కడెవడిస్తాడు! కానీ గాలి తుపాకీ గుట్టు అతనికి తెలుసు. జాత్రలో గాలిబుడగలు కొట్టించేవాళ్ళు ఏటా తమ ఛర్రా బందూకులు బాగుచేయమని ఇతని దగ్గరికే తెచ్చేవారు. లోపల ఒక స్ప్రింగు, దాని ముందు తోలు వాషరు తొడిగిన పిస్టను. మీట నొక్కితే స్ప్రింగు పిస్టన్ని తోస్తుంది, పిస్టను గాలిని తోస్తుంది, గాలి గుండును తోస్తుంది. కాకపోతే అది గోడలో దిగే సీసపు గుండు. ఇతనికి కావలసింది ఒంటికి తగలగానే చితికిపోయే గోళీ. తగిలినట్టు తెలియాలి గానీ నొప్పి తెలియకూడదు. నొప్పి తెలిస్తే కుక్క ఇక రాదు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు పని మొదలుపెట్టేవాడు. గాలి గొట్టానికి అతుకు లేని ఇనుప పైపు తీసుకుని లోపల సాపు చేశాడు. ఇత్తడి రాడ్డు నుంచి పిస్టను తీశాడు. గోళీ వెళ్ళే నాళికకు ఇత్తడి గొట్టం దొరికింది. లోపల ఏ కాస్త గరుకున్నా గోళీ చీలిపోతుందని, కర్రకు పాలిష్ కాగితం చుట్టి, లేతు తిప్పుతూ, నూనె పోస్తూ, కన్ను పెట్టి చూసి మళ్ళీ రుద్దుతూ నెల రోజులూ దానికే అంకితమైపోయాడు. గంగాధర్ మొదట విసుక్కున్నాడు, తర్వాత తనే మీటకు పిన్ను కోసి ఇచ్చాడు.

గోళీల పని గోదావరిది. మొగుడు గుండ్రటి తలతో కొయ్యపుల్ల ఒకటి తీసి ఇచ్చాడు. దాన్ని నీళ్ళలో నానబెట్టి, కరిగిన మైనంలో ముంచి తీసి, చల్లారాక వేలితో నెడితే పల్చటి చిప్ప ఊడివచ్చేది. రెండు చిప్పలు కలిపి వేడిచేసిన చాకుతో అంచులు అతికి, సూదితో రంగునీళ్ళు ఎక్కించి, మైనం చుక్కతో బొక్క మూసేది. బీడీ మడిచే వేళ్ళు కదా, అతుకెక్కడుందో కనబడేది కాదు. ఎండకు మెత్తబడకుండా వాటిని నీళ్ళకుండ కింద తడి ఇసుకలో దాచేది. పిల్ల పోయాక ఆమె ఒక పని మీద మనసు పెట్టడం అదే మొదలు.

ఇక రంగు.

"నాఫ్తాల్ ఎరుపు వెయ్యరాదు? జన్మల పోదు" అంది గోదావరి.

"దాన్ల కాస్టిక్ ఉంటదే. దాని తోలు ఓపారి కాలింది, సాలదా? గుర్తుకు గుర్తురంగే వెయ్యాలె."

ఆమె కూడా సరేనంది. గుర్తురంగు అంటే ఆ పేటలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇరవై నంబరు నూలూ ముప్పై నంబరు నూలూ చూపుకు ఒకేలా ఉంటాయి. కలిసిపోకుండా ఒకదాని మీద నీలం నీళ్ళు, ఇంకోదాని మీద గులాబీ నీళ్ళు చల్లుతారు. నేత అయ్యాక బట్టను నీళ్ళలో ముంచితే ఆ రంగు ఆనవాలు లేకుండా పోవాలి. పోకపోతే దుప్పటి పాడు, నేసినవాడికి తిట్లు. తాతల నాటి నుంచి వాళ్ళింట్లో గుర్తు అంటే అదే. సిద్ధరాములు పక్క షెడ్డు నుంచి నీలం పొడి తెచ్చి, చిక్కదనానికి కాస్త గంజి కలిపి భార్య చేతికిచ్చాడు.

మొదటిసారి మీట నొక్కగానే గోళీ నాళికలోనే పగిలి, రంగంతా వెనక్కి తన్ని అతని మూతికీ మీసాలకూ పట్టింది.

"అరే బాప్‌రే!" గంగాధర్ పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. "నీకే గుర్తు పెట్టుకున్నవ్ గదరా! ఇగ పెంటప్ప నిన్నయితే ముట్టడు!"

షాపు షాపంతా వచ్చి చూసి పోయింది. కుంఠా నాకాలో ఇప్పటికీ నవ్వేది ఆ మీసాలకే. సిద్ధరాములు మొహం తుడుచుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. స్ప్రింగు దెబ్బ మరీ ఒక్కసారిగా పడుతోంది. మగ్గంలో నాడెను తోసే కర్ర కూడా అలాగే ఝట్కాతో కొడితే నాడె ఎగిరి ఎవడి కణతకో తగులుతుంది. కొట్టకూడదు, తొయ్యాలి. సన్నతీగతో చుట్టిన పొడుగు స్ప్రింగు వేశాడు, గాలి గొట్టం లావుది పెట్టాడు, నాళిక మరో మూరెడు పొడిగించాడు. ఈసారి గోళీ మెత్తగా వెళ్ళి ఎదురు గోడ మీద చిట్లింది.

"దాని మీద కంటె ముందు నా మీద కొట్టు" అంది గోదావరి.

"పిచ్చా నీకు?"

"కొట్టుమంటె కొట్టు."

పాత చీర కొంగు కప్పుకుని, కుక్క కూర్చునే చోట, వీపు ఇటు తిప్పి నిలబడింది. సిద్ధరాములు కిటికీ ఊచల మధ్య నాళిక ఆనించి మీట నొక్కాడు. ఆమె వీపు మీద నీలం విచ్చుకుంది. ఎంతసేపటికీ ఇటు తిరగకపోతే అతను తుపాకీ వదిలేసి పరుగెత్తాడు.

"నొప్పయిందా?"

"లేదు." ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. "ఎనుకకెల్లి వచ్చి ఈపుల సరిసేది సూడు, మన చెంద్రి... గట్లనే ఉంది."

ఇద్దరూ ఆ సందులో నిలబడి ఏడ్చారు. తర్వాత ఆమె ఆ చీర మోరీ పక్కన రాయి మీద వేసి రెండు చెంబుల నీళ్ళు కుమ్మరించింది. "మస్తు గుర్తురంగు తెచ్చినవయ్యా. ఒక్క ముంచుకే పోయింది, మరక లేదు" అంది. సిద్ధరాములు కూడా చీర ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, మంచి సరుకే అని తృప్తి పడ్డాడు. చూడండి, కళ్ళ ముందే పోయింది రంగు! ఆ పేటవాళ్ళకు తప్ప ఇంకెవరికైనా అక్కడే తెలిసిపోయేది.

ఆ సాయంత్రం ధోటా వచ్చి కూర్చుంది. కాలిన మచ్చ మీద తగలకూడదని, దాని కుడి డొక్క ఇటు తిరిగేదాకా సిద్ధరాములు ఊపిరి బిగబట్టి కాచుకున్నాడు. ధప్‌మని చిన్న చప్పుడు. తెల్లటి డొక్క మీద పళ్ళెమంత నీలం. కుక్క అదిరిపడి ఉరికింది.

"మల్ల రాదేమో" అని గోదావరి గడప పట్టుకుంది.

మర్నాడు దీపాల వేళకు వచ్చి, ఏమీ జరగనట్టు కూర్చుని, తలుపుకేసి చూసింది. గోదావరి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు విని సిద్ధరాములు చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. ఆ పూట ఆమె కడుపునిండా తింది.

పెంటప్ప వచ్చి దూరం నుంచే చూసి, "ఝకాస్ అన్నా! మా పోరగాండ్లందరికి చెప్పిన. నీలిది సిద్ధరాములన్నది, దాని జోలికి పోవద్దని" అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ తర్వాత ముఠా ఆ సందులో తిరిగి మిగతా కుక్కల్ని ఏరుకుపోయింది, ధోటాను తాకలేదు. గోదావరి మళ్ళీ మనుషుల్లో పడింది. తుపాకీని పాత పంచెలో చుట్టి, చెంద్రి బట్టలున్న పెట్టెలో తనే పెట్టింది.

మే నెలాఖరున ఒక సాయంత్రం ఉరుములు మెరుపులతో వాన దిగింది. ముందుగాలి దుమారానికే కరెంటు పోయి, మగ్గాలన్నీ ఆగిపోయి, సందు సందంతా బయటికొచ్చి నిలబడింది. ఆ ఎండలకు మాడిన ఒళ్ళు కదా, ముసలివాళ్ళు కూడా చొక్కాలిప్పి తడిశారు. ధోటా తన వేళకు వచ్చి, తన చోట, ఆ వానలోనే కూర్చుంది.

"దానికి జ్వరమొస్తదేమో" అంది గోదావరి.

"కుక్కకు జ్వరమేందే, సల్లవడ్డది, మంచిగుంటది" అన్నాడు సిద్ధరాములు. అరుగు మీద కూర్చుని మోరీలోకి కాళ్ళు వేలాడేశాడు. వాననీళ్ళలో సన్నటి నీలం చార ఒకటి కలిసి పారుతూ అతని పాదాల మీదుగా పోయింది. ఆ మోరీలో నీలం పారడం ఈనాటిదా! కాళ్ళు ఆడిస్తూ, చల్లదనానికి కళ్ళు మూసుకున్నాడు.

తెల్లవారాక గోదావరి వాకిలి ఊడ్వడానికి వెళ్ళి కేక పెట్టింది. మోరీ అవతల, ఎప్పుడూ కూర్చునే చోటే, ధోటా పడుకుని ఉంది. నోటి దగ్గర నురుగు. దాని పక్కన పెంటప్ప గొంతుక్కూర్చుని తల పట్టుకున్నాడు.

సిద్ధరాములు వెళ్ళి అతని కాలరు పట్టుకున్నాడు. "మాటిచ్చినవ్ గదరా!"

"బిడ్డల తోడన్నా, నేనే సూసిన. ఇటు సూసిన, అటు సూసిన. నీలిది లేదన్నా. మీ కుక్క అని తెలువలె. పొద్దెక్కినంక చెవి సూసినన్నా, అప్పుడు తెలిసింది." పెంటప్ప ఏడుస్తున్నాడు. "రంగు యాడ పోయిందన్నా?"

చప్పుడుకు గంగాధర్ వచ్చాడు. తడి ఆరని ఆ తెల్లటి డొక్క చూశాడు. "ఏం రంగేసినవ్‌రా?"

"గుర్తురంగు."

"అది తడిస్తే పోతది గదరా!"

"పోవాలె గద" అన్నాడు సిద్ధరాములు. "గుర్తన్నంక పోవాలె." అన్నాక గానీ తను ఏమన్నాడో అతనికి తెలియలేదు. కరెంటు లేని పూట రంగుల కార్ఖానా నడవదనీ, నిన్న తన కాళ్ళ మీదుగా పోయిన నీలం ఎక్కడిదో కూడా అప్పుడే తట్టింది. చేతులు కాలరు వదిలేశాయి.

గోదావరి ఎవరినీ తిట్టలేదు. మోరీ దాటి వెళ్ళి, కుక్క పక్కన కూర్చుని, మెల్లగా చెయ్యి చాపింది. పిల్ల పోయాక దాని మీద మనిషి చెయ్యి పడటం అదే మొదటిసారి. గోధుమరంగు చెవి నిమిరింది. ఎడమ డొక్క మీద కాలిన మచ్చ వెతికి, అక్కడ అరచెయ్యి ఆనించి ఉంచింది.

"చెంద్రి గీడనే రాసేది నూనె" అంది. "ఇగ ఎవరు సూస్తరు దాని తొవ్వ?"

సిద్ధరాములు ఆమె పక్కన కూర్చుని తనూ చెయ్యి వేశాడు. పెంటప్ప బండి తీసుకుని తలవంచుకు వెళ్ళిపోయాడు. కుక్కను మొగుడూపెళ్ళాలే తీసుకెళ్ళి ఊరి బయట పూడ్చి వచ్చారు.

ఆ సాయంత్రం సిద్ధరాములు తనే రొట్టెలు చేసి ఆమె ముందు పెట్టాడు. ఆమె వాటిని ముట్టుకోలేదు. దీపాల వేళ కాగానే లేచి వెళ్ళి తలుపు వేసి, గడియ పెట్టి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకుంది.